పరివర్తనకు కొలబద్ద: సైకెడెలిక్ చికిత్సా చరిత్రలో మార్మికానుభవ భావన

ఉపోద్ఘాతం

2006లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి రోలాండ్ గ్రిఫిత్స్ బృందం ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ఇటువంటి పదార్థాలను అంతకుముందు ఎన్నడూ వాడని 36 మంది ఆరోగ్యవంతులకు, కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో లభించే సిలోసైబిన్‌ను వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చారు. రెండు నెలల తరువాత అడిగినప్పుడు వారిలో మూడింట రెండు వంతుల మంది ఆ ఒక్క పూట అనుభవాన్ని తమ జీవితంలోకెల్లా అర్థవంతమైనదిగానో, అటువంటి మొదటి ఐదింటిలో ఒకటిగానో పేర్కొన్నారు. తొలి బిడ్డ పుట్టుకతోను, తల్లి లేదా తండ్రి మరణంతోను దానిని పోల్చినవారు ఉన్నారు. మూడున్నర దశాబ్దాలపాటు దాదాపు స్తంభించిపోయిన ఒక పరిశోధనా రంగం ఈ అధ్యయనంతోనే తిరిగి గౌరవాన్ని పొందిందని ఆ రంగపు చరిత్రకారులు సాధారణంగా చెబుతారు.

అయితే ఒక మనిషి మారాడని ప్రయోగశాల ఎలా నిర్ణయించింది? రక్తపోటును కొలిచే సాధనం ఉన్నట్లు పరివర్తనను కొలిచే సాధనం ఏదైనా ఉందా? ఉంది. అది ఒక ప్రశ్నావళి. ఆ ప్రశ్నావళి వైద్యశాస్త్రంలో పుట్టలేదు, మతతత్త్వశాస్త్రంలో పుట్టింది. దాని అంశాల్లో కొన్ని ఆధునిక వేదాంత వ్యాఖ్యానాల మీదుగా, ఉపనిషత్తుల అనువాదాల మీదుగా వచ్చినవి. ఈ వంశక్రమాన్ని అనుసరించడం, అలా వచ్చిన కొలబద్ద దేనిని కొలవగలదో దేనిని కొలవలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిభాష విషయంలో ఒక మాట. ఈ పదార్థాలను తెలుగులో ‘మత్తుమందులు’ అంటే మగత, వ్యసనం స్ఫురిస్తాయి. ‘భ్రాంతిజనకాలు’ అంటే చర్చ మొదలుకాకముందే తీర్పు వెలువడినట్లవుతుంది. అందుచేత ఇక్కడ ‘సైకెడెలిక్’ అనే మాటనే వాడటం జరిగింది. చిత్తాన్ని వ్యక్తం చేసేది అని దాని గ్రీకు ధాతువుల అర్థం. అదీ పూర్తిగా తటస్థమైన మాట కాదని ముందుముందు తెలుస్తుంది.

విలియం జేమ్స్: ఫలమే ప్రమాణం

సైకెడెలిక్ చరిత్రను చాలామంది 1943 ఏప్రిల్ నుండి, బాసెల్ నగరంలోని సాండోజ్ సంస్థలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ తాను 1938లో తయారుచేసిన ఎల్.ఎస్.డి. ప్రభావాన్ని గుర్తించిన రోజుల నుండి ప్రారంభిస్తారు. రసాయన చరిత్రకు అది సరైన ఆరంభమే. పరివర్తన అనే భావన చరిత్రకు మాత్రం ఇంకా వెనక్కు వెళ్ళాలి.

అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి పొందిన అనుభవాన్ని 1882లో హెగెల్ తత్త్వంపై రాసిన వ్యాసానికి అనుబంధంగా ప్రకటించారు. ఆ స్థితిలో పరస్పర విరుద్ధాలన్నీ ఏకమైనట్లు తోచిందని, తెలివి వచ్చాక కాగితంపై మిగిలినవి అర్థరహితమైన మాటలని ఆయనే నిస్సంకోచంగా చెప్పుకొన్నారు. ఇరవై ఏళ్ళ తరువాత, ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో ‘ది వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్’గా వెలువడినప్పుడు, మార్మికానుభవానికి ఆయన నాలుగు గుర్తులు చెప్పారు: మాటలకు అందకపోవడం, ఏదో తెలిసిందన్న నిశ్చయం కలగడం, ఎక్కువసేపు నిలవకపోవడం, తన ప్రయత్నం ఆగిపోయి వేరొక శక్తికి లోబడినట్లు ఉండటం. ఈ నాలుగింటిలో మూడవదాన్ని, అంటే తాత్కాలికతను, పాఠకులు గుర్తుంచుకోవాలి.

అదే గ్రంథంలో జేమ్స్ వివేకానందుని రాజయోగ గ్రంథాన్ని ఆధారం చేసుకొని వేదాంతుల అభిప్రాయాన్ని రెండు భాగాలుగా నివేదించారు. సమాధి నుండి బయటికి వచ్చిన మనిషి జ్ఞానిగా, మారిన శీలంతో వస్తాడు. కనుక ఆ అనుభవాన్ని దాని ఫలాన్ని బట్టే పరీక్షించాలి అన్నది ఒకటి. ఎటువంటి పూర్వసాధన లేకుండా ఎవరైనా ఆ స్థితిలోకి యాదృచ్ఛికంగా జారిపోవచ్చు గాని, అప్పుడది శుద్ధమైనది కాదు అన్నది రెండవది. వ్యావహారికసత్తావాది అయిన జేమ్స్‌కు మొదటి మాట తన మాటలాగే వినిపించింది. రెండవ మాట ఆ పుటలోనే ఉండిపోయింది. తరువాతి నూరేళ్ళ చరిత్రను ఒక్క వాక్యంలో చెప్పవలసి వస్తే, మొదటి మాట ప్రశ్నావళిగా ఎదిగిందని, రెండవ మాట రాలిపోయిందని చెప్పవచ్చు.

జేమ్స్ గ్రంథం తత్త్వశాస్త్ర తరగతులకే పరిమితం కాలేదు. 1934 డిసెంబరులో న్యూయార్క్‌లోని టౌన్స్ ఆసుపత్రిలో మద్యపాన వ్యసనానికి బెల్లడోనా చికిత్స పొందుతూ ఒక వెలుగును అనుభవించిన బిల్ విల్సన్, తనకేమి జరిగిందో అర్థం చేసుకోవడానికి చదివినది ఈ పుస్తకాన్నే. ఆయన సహవ్యవస్థాపకుడుగా ఏర్పడిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ ద్వారా, ఒక ఆధ్యాత్మికానుభవం మనిషిని వ్యసనం నుండి మళ్ళించగలదనే భావన చికిత్సారంగంలోకి ప్రవేశించింది. 1956లో విల్సన్ ఎల్.ఎస్.డి.ని కూడా స్వీకరించారన్నది ఆ సంస్థ సభ్యుల్లో చాలామందికి ఇబ్బంది కలిగించిన సంగతి.

ఉన్మాదం నుండి ఉన్మీలనానికి

తొలినాళ్ళలో మనోవైద్యులు ఈ పదార్థాలను పరివర్తన కోసం వాడలేదు. ఇవి కొద్ది గంటల కృత్రిమోన్మాదాన్ని కలిగిస్తాయని, వాటిని స్వీకరించిన వైద్యుడు రోగి లోకాన్ని లోపలినుండి చూడగలడని భావించారు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో పనిచేసిన హంఫ్రీ ఆస్మండ్, ఏబ్రమ్ హాఫర్‌లు మద్యపాన వ్యసనపరులకు ఎల్.ఎస్.డి. ఇచ్చింది కూడా ఇటువంటి ఊహతోనే. తాగుడు మానేసినప్పుడు వచ్చే భయంకర సన్నిపాతమే కొందరిని మద్యానికి దూరం చేస్తుందని ప్రతీతి. ఆ భయాన్ని ప్రమాదం లేకుండా సృష్టించవచ్చునేమో అని చూశారు. కాని మేలు పొందిన రోగులు చెప్పినది భయాన్ని గురించి కాదు, తమ జీవితాన్ని తాము కొత్తగా చూడగలిగామని. సిద్ధాంతం తలకిందులైంది. కొత్త సిద్ధాంతానికి కొత్త పేరు అవసరమైంది. 1956లో ఆల్డస్ హక్స్‌లీతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాల్లో ఆస్మండ్ ‘సైకెడెలిక్’ అనే మాటను రూపొందించారు. ఉన్మాదాన్ని అనుకరించేది అనే పాత పేరు స్థానంలో చిత్తాన్ని విప్పి చూపేది అనే పేరు రావడం వట్టి పేరు మార్పు కాదు. విప్పి చూపడమంటే లోపల చూడదగినది ఏదో ముందే ఉన్నదని ఒప్పుకోవడమే.

హక్స్‌లీకి ఆ నమ్మకం ముందునుండే ఉంది. 1945లోనే ‘ది పెరెన్నియల్ ఫిలాసఫీ’ అనే గ్రంథంలో, సకల మతాల మార్మికులు చూసిన సత్యం ఒక్కటేనని వాదించారు. దక్షిణ కాలిఫోర్నియాలోని వేదాంత సంఘంతోను, స్వామి ప్రభవానందతోను ఆయనకు సన్నిహిత పరిచయం ఉండేది. ప్రభవానంద, ఇషర్‌వుడ్‌లు కలిసి చేసిన భగవద్గీత అనువాదానికి పీఠిక రాసినది ఆయనే. 1953 మేలో ఆస్మండ్ ఇచ్చిన మెస్కలిన్‌ను స్వీకరించి, మరుసటి ఏడాది ‘ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్’ రాసినప్పుడు, సచ్చిదానందమనే మాటకు అర్థం తనకు అప్పుడే పూర్తిగా తెలిసిందని ప్రకటించారు. ఎనిమిదేళ్ళ క్రితం గ్రంథాలను చదివి నిర్మించుకొన్న చట్రం అనుభవానికి సిద్ధంగా ఎదురుచూస్తూ ఉండెనన్నమాట.

దీనికి బలమైన సమాధానం ఆక్స్‌ఫర్డ్ నుండి వచ్చింది. అక్కడి ప్రాచ్యమతాలు, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ ఆచార్య పీఠాన్ని 1936 నుండి 1952 వరకు అలంకరించినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకుముందు ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులు. 1929 నాటి హిబ్బర్ట్ ఉపన్యాసాల ఆధారంగా వెలువడిన ‘ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్’లో ఆయన అంతర్దృష్టికి, ప్రత్యక్షానుభవానికి మతానికి పునాది అనదగిన స్థానాన్ని కల్పించారు. మతాల హృదయం అనుభవమే అన్న ఈ ప్రతిపాదన ఇంగ్లీషు పాఠకులలో విస్తృతంగా వ్యాపించింది. ఆయన తరువాత ఆ పీఠానికి ఎన్నికైన ఆర్.సి. జేనర్ సరిగ్గా ఆ ఏకత్వాన్నే నిరాకరించారు. 1957లో వచ్చిన ‘మిస్టిసిజం, సేక్రెడ్ అండ్ ప్రొఫేన్’ హక్స్‌లీపై ఖండన గ్రంథం. జేనర్ తానూ మెస్కలిన్ పుచ్చుకొని చూశారు. తనకు కలిగినది పవిత్రమైనదేమీ కాదని, ఎక్కువగా నవ్వే వచ్చిందని రాశారు. ప్రకృతితో తాదాత్మ్యం, ఆత్మ తనలో తాను నిలవడం, ఈశ్వరునితో ప్రేమైక్యం అనే మూడూ వేర్వేరు అనుభవాలని, వాటిని ఒక్కటే అనడం పొరపాటని ఆయన వాదం.

క్యాథలిక్ మతం స్వీకరించిన జేనర్ ఈ మూడింటిలో చివరిదానికి అగ్రస్థానం ఇవ్వడం ఆశ్చర్యం కాదు. అద్వైతాన్ని ఆయన అర్థం చేసుకొన్న తీరుపై అభ్యంతరాలకు చాలా చోటుంది. కాని ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఆయన పక్షపాతంతో పాటు కొట్టివేయదగినది కాదు: ఒకే రకంగా వర్ణించినంత మాత్రాన రెండు అనుభవాలు ఒకటే అవుతాయా?

స్టేస్ సూత్రం

అవుతాయని చెప్పినవారు డబ్ల్యు.టి. స్టేస్. 1910 నుండి 1932 వరకు సిలోన్ సివిల్ సర్వీసులో ఉద్యోగం చేసి, ఆపై ప్రిన్స్‌టన్‌లో తత్త్వశాస్త్రాచార్యులైన ఈ ఆంగ్లేయుడు 1960లో ‘మిస్టిసిజం అండ్ ఫిలాసఫీ’ని ప్రచురించారు. బాహ్యవస్తువులన్నిటిలో ఏకత్వాన్ని చూసే బహిర్ముఖానుభవం, విషయాలన్నీ తొలగిన శుద్ధచైతన్యంగా నిలిచే అంతర్ముఖానుభవం అని ఆయన రెండు విభాగాలు చేసి, రెండింటికీ ఉమ్మడి లక్షణాల పట్టిక ఇచ్చారు. అంతర్ముఖానుభవానికి ఆయన ప్రముఖంగా చూపిన ఉదాహరణల్లో మాండూక్యోపనిషత్తులోని తురీయ వర్ణన ఒకటి.

ఈ గ్రంథంలో వైద్యరంగానికి అత్యంత ఉపయోగపడినది కారణ తటస్థతా సూత్రం అనదగినది. రెండు అనుభవాల వర్ణనల్లో భేదం లేనప్పుడు, ఒకటి ఉపవాసం వల్ల, మరొకటి మెస్కలిన్ వల్ల కలిగిందన్న కారణంతో ఒకదానిని నిజమైనదని, రెండవదానిని కృత్రిమమని అనరాదు. తార్కికంగా ఇది ఆకర్షణీయమైన సూత్రమే. కాని ఇందులో ‘వర్ణన’ అన్న మాటపై ఎంత బరువు పడిందో చూడాలి. మనిషి చెప్పిన మాటలే అనుభవానికి ప్రతినిధులు. ఆ మాటలను ఆ మనిషికి నేర్పిన సంప్రదాయం, గ్రంథం, గురువు లెక్కలోకి రావు. సాధన అనే సుదీర్ఘ ప్రక్రియ ఒక ‘కారణం’గా కుదించబడి పక్కకు తప్పుకొంటుంది. వర్ణనల నుండి లక్షణాల పట్టిక, పట్టిక నుండి ప్రశ్నలు తయారుచేయడం ఆపై ఒక్క అడుగు దూరం. ఆ అడుగు రెండేళ్ళలోనే పడింది.

మార్ష్ చాపెల్, 1962

1962 ఏప్రిల్ 20, గుడ్ ఫ్రైడే. బోస్టన్ విశ్వవిద్యాలయంలోని మార్ష్ చాపెల్ నేలమాళిగలో ఉన్న చిన్న ప్రార్థనామందిరంలో 20 మంది ప్రొటెస్టెంట్ దైవశాస్త్ర విద్యార్థులు కూర్చున్నారు. పైన ప్రధాన మందిరంలో హోవర్డ్ థర్మన్ నిర్వహిస్తున్న ఆరాధన వారికి ధ్వనివర్ధకాల ద్వారా వినిపిస్తోంది. నల్లజాతి మతాచార్యులైన థర్మన్ 1936లో బార్డోలీలో గాంధీజీని కలిసి మాట్లాడినవారు. విద్యార్థుల్లో పది మందికి 30 మిల్లీగ్రాముల సిలోసైబిన్, తక్కిన పది మందికి ముఖాన్ని ఎర్రబరిచే నికోటినిక్ ఆమ్లం ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో ముందుగా తెలియకూడదన్నది నియమం. కొంతసేపటికే ఆ నియమం నామమాత్రమైంది. కొందరు పీఠాలపై నిశ్శబ్దంగా కూర్చొని ప్రార్థన వింటుండగా, కొందరు నేలపై పడుకొని, లేచి తిరుగుతూ, తమలో తాము మాట్లాడుకొంటున్నారు.

ఈ ప్రయోగాన్ని రూపొందించిన వాల్టర్ పాంకే వైద్యుడు, దీక్షపొందిన మతాచార్యుడు కూడా. హార్వర్డ్‌లో టిమొతీ లియరీ సహకారంతో చేసిన ఈ పని ఆయన డాక్టరేట్ సిద్ధాంతవ్యాసానికి ఆధారం. ఫలితాలను కొలవడానికి ఆయన ప్రధానంగా స్టేస్ పట్టికను, దానికి తోడు జేమ్స్ గుర్తులను తీసుకొని తొమ్మిది లక్షణాలు నిర్ణయించారు. ఏకత్వం, దేశకాలాతీతత్వం, గాఢమైన ఆనందం, పవిత్రతాభావం, అనుభూతమైనది సత్యమన్న నిశ్చయం, విరోధాభాస, వాచామగోచరత్వం, తాత్కాలికత; తొమ్మిదవది, వైఖరిలోను ప్రవర్తనలోను నిలిచి ఉండే సానుకూలమైన మార్పు. (ఏడవదానికి తెలుగులో ‘అనిర్వచనీయత’ అనే మాట వెంటనే తోస్తుంది. అద్వైత పరిభాషలో అది సత్తూ అసత్తూ కానిదానికి, అంటే మాయకు చెందిన మాట కనుక ఇక్కడ పనికిరాదు.) సిలోసైబిన్ పొందినవారికి చాలా లక్షణాల్లో రెండవ బృందం కన్నా స్పష్టంగా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆరు నెలల తరువాత కూడా ఆ భేదం నిలిచి ఉన్నట్లు పాంకే చూపారు.

ఇక్కడ చరిత్రకారుడు ఆగవలసిన చోటు తొమ్మిదవ లక్షణం. పరివర్తన మార్మికానుభవం వల్ల కలిగే ఫలమా, లేక మార్మికానుభవ నిర్వచనంలో భాగమా? పాంకే పట్టికలో అది భాగమే. మనిషిని మంచివైపు మార్చనిది సంపూర్ణ మార్మికానుభవం కాదని ముందే నిర్వచించుకొంటే, మార్మికానుభవం మనిషిని మంచివైపు మారుస్తుందన్న నిర్ణయంలో కనుగొన్నది కొంత, ముందే ఒప్పుకొన్నది కొంత ఉంటాయి. జేమ్స్ వద్ద ఫలం ఒక పరీక్ష. పాంకే వద్ద అదే లక్షణం. ‘సానుకూలమైన’ అనే విశేషణం కూడా ఉపేక్షింపదగినది కాదు. ఏ మార్పు సానుకూలమో నిర్ణయించినవారు ఎవరు? ఆ నేలమాళిగలో ప్రశ్న అడిగినవారు, జవాబు చెప్పినవారు, గోడ మీది శిలువ, వినిపిస్తున్న ప్రవచనం, అన్నీ ఒకే మతసంస్కృతికి చెందినవి.

ఆ రోజు మార్గదర్శకుల్లో ఒకరుగా ఉండి తానూ సిలోసైబిన్ స్వీకరించిన మతతత్త్వవేత్త హస్టన్ స్మిత్ 1964లో ‘జర్నల్ ఆఫ్ ఫిలాసఫీ’లో రాసిన వ్యాసం ఈ సందర్భంలో చాలా విలువైనది. ఈ పదార్థాలు మతానుభవాలను కలిగించగలవన్నది దాదాపు తేలిన విషయమేనని, మతజీవితాలను కలిగించగలవా అన్నదే తేలలేదని ఆయన వివేచన. అనుభవాన్ని కొలిచే ప్రశ్నావళికి జీవితం అందుతుందా అన్న సందేహం, ఆ అనుభవాన్ని ఆదరించిన మనిషి నోటినుండే వచ్చిందన్నమాట.

పాంకే 1971లో సముద్రంలో స్కూబా డైవింగ్ చేస్తూ మరణించారు. పాతికేళ్ళ తరువాత రిక్ డాబ్లిన్ నాటి విద్యార్థుల్లో పదహారు మందిని వెతికి పట్టుకొని మాట్లాడి, 1991లో ఫలితాలు ప్రచురించారు. సిలోసైబిన్ పొందిన ఏడుగురు ఆ అనుభవాన్ని తమ ఆధ్యాత్మిక జీవితంలో ముఖ్యమైనదిగానే చెప్పుకొన్నారు. అంతేకాదు, ఆ అనుభవంలో తీవ్రమైన సంఘర్షణ, భయం కూడా ఉన్నాయని చాలామంది చెప్పారు. ఒక విద్యార్థి మందిరం విడిచి బయటికి వెళ్ళిపోగా, పట్టి తెచ్చి అతనికి ఉన్మాదాన్ని అణిచే థొరజైన్ మందు ఇవ్వవలసి వచ్చింది. పాంకే సిద్ధాంతవ్యాసంలో ఆ మందు ప్రస్తావన లేదు. డాబ్లిన్ ఈ చికిత్సల ప్రచారానికి జీవితాన్ని అంకితం చేసినవారు. అయినా ఈ లోపాన్ని బయటపెట్టడం ప్రశంసనీయం. తొమ్మిది గళ్ళ పట్టికలో భయానికి గడి లేదు.

మౌనం, పునరాగమనం

1963లో లియరీని హార్వర్డ్ తొలగించింది. 1970లో అమెరికా నియంత్రిత పదార్థాల చట్టం, 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చాయి. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఎల్.ఎస్.డి., సిలోసైబిన్ రెండూ ఉన్నాయి. మేరీల్యాండ్‌లోని స్ప్రింగ్ గ్రోవ్‌లో క్యాన్సర్ రోగులతో కొంతకాలం సాగిన పనీ చివరికి ఆగిపోయింది.

పదార్థాలు నిషిద్ధమైనా ప్రశ్నావళి బతికే ఉంది. పాంకేతో కలిసి స్ప్రింగ్ గ్రోవ్‌లో పనిచేసిన విలియం రిచర్డ్స్, 2006 నాటి హాప్కిన్స్ బృందంలో సభ్యులు. పాంకే పట్టిక నుండి పెరిగిన 43 ప్రశ్నలనే ఆ అధ్యయనంలో వాడారు. వాటికి తోడు ఉపయోగించిన రాల్ఫ్ హుడ్ 1975 నాటి కొలమానం కూడా స్టేస్ గ్రంథంపై ఆధారపడినదే. అంటే ఒక కొలబద్ద సరిచూడబడినది అదే కర్రనుండి కోసిన మరో కొలబద్దతో. ప్రతి ఉపవిభాగంలోను గరిష్ఠ మార్కుల్లో 60 శాతం పొందినవారికి ‘సంపూర్ణ’ మార్మికానుభవం కలిగినట్లు లెక్క. కొత్త పరిశోధకులు ఒక మంచి సవరణ చేశారు; నిలిచి ఉండే మార్పులను అనుభవ లక్షణాల నుండి వేరుచేసి మరొక ప్రశ్నావళితో కొలిచారు. తొమ్మిదవ లక్షణంలోని చక్రకదోషం దీనితో చాలావరకు తొలగింది. 2011లో అదే సంస్థ నుండి వచ్చిన విశ్లేషణ 52 మందిని పరిశీలించి, సంపూర్ణ మార్మికానుభవం పొందినవారిలో కొత్తదనాన్ని స్వీకరించే గుణం ఏడాది తరువాత కూడా పెరిగి కనిపించిందని చెప్పింది. ప్రౌఢవయస్కుల్లో వ్యక్తిత్వం అంతగా మారదన్న మనస్తత్వశాస్త్ర విశ్వాసానికి ఇది ఎదురు సాక్ష్యం. 2016లో ప్రాణాంతక క్యాన్సర్‌తో కుంగిపోయిన 51 మందిపై చేసిన అధ్యయనంలో మార్మికానుభవ మార్కులు ఎక్కువగా ఉన్నవారికి ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా తగ్గాయి.

మృత్యుముఖంలో ఉన్న మనిషికి కలిగిన ఈ ఉపశమనాన్ని తేలికగా తీసుకోవడం విద్వత్తు కాదు. కాని తత్త్వశాస్త్రం అడగవలసిన ప్రశ్న అక్కడే ఎదురవుతుంది. ఆ ఉపశమనం ఒక సత్యాన్ని తెలుసుకోవడం వల్ల వచ్చిందా, ఓదార్చే ఒక భ్రమ వల్ల వచ్చిందా? క్రిస్ లెథెబీ 2021లో ప్రచురించిన ‘ఫిలాసఫీ ఆఫ్ సైకెడెలిక్స్’ ఈ ప్రశ్న చుట్టూ నిర్మితమైనది. బ్రహ్మాండచైతన్య దర్శనం చికిత్సకు అనివార్యం కాదని, ‘నేను’ అని మనం బిగించుకొన్న ఆత్మప్రతిరూపం సడలడమే అసలు పనిచేసే యంత్రాంగమని, కనుక భౌతికవాది కూడా ఈ మేలును నిజాయితీగా పొందవచ్చునని ఆయన వాదన. అంతకుముందే ఎల్.ఎ. పాల్ 2014లో ‘ట్రాన్స్‌ఫర్మేటివ్ ఎక్స్‌పీరియన్స్’లో మరో చిక్కును చూపారు. పొందితే తప్ప ఎలా ఉంటుందో తెలియని అనుభవం, పొందిన తరువాత మన విలువలనే మార్చివేసేదైతే, దానికి ముందుగా ఎలా సమ్మతించగలం? సమ్మతించినవాడు ఒకడు, ఫలితాన్ని అనుభవించేవాడు మరొకడు. శస్త్రచికిత్సకు ముందు సంతకం తీసుకొనే పత్రం ఈ చిక్కును పరిష్కరించలేదు. లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు పాల్గొన్న 2021 నాటి ఒక అధ్యయనం, ఇటువంటి అనుభవాల తరువాత మనుషుల తాత్త్విక విశ్వాసాలు భౌతికవాదానికి దూరంగా జరుగుతాయని సూచించినప్పటినుండి పాల్ ప్రశ్న పుస్తకానికే పరిమితమైనది కాకుండా పోయింది. కుంగుబాటుకు చికిత్స కోరివచ్చినవారు తమ దర్శనం మారుతుందని ఊహించి వచ్చారా?

కొలబద్దలో మాండూక్యం

ఈ చరిత్రలో భారతీయ గ్రంథాలు సాక్షులుగా పదేపదే పిలవబడ్డాయి గాని, వాటి వ్యాఖ్యాన సంప్రదాయాలను పూర్తిగా విన్నవారు తక్కువ. మాండూక్యంలోని తురీయాన్నే తీసుకొందాం. గౌడపాదకారికలను, శంకర భాష్యాన్ని అనుసరించి తురీయం జాగ్రత్స్వప్నసుషుప్తుల తరువాత వచ్చి వెళ్ళే నాలుగవ అవస్థ కాదు. ఆ మూడింటిలోను ఎడతెగకుండా ఉన్న ఆత్మస్వరూపం. సంఖ్యావాచకం బోధన కోసం మాత్రమే. ఇక పాంకే పట్టికలో మార్మికానుభవానికి ఎనిమిదవ లక్షణం తాత్కాలికత. రాకపోకలు లేనిదని భాష్యకారుడు నిరూపించిన దానిని సాక్ష్యంగా చూపిన పట్టిక, కొద్ది గంటల్లో ముగిసేదాన్ని కొలవడానికి ఉపయోగపడింది. ఇది చిన్న అనువాదభేదం కాదు. ఒకటి జ్ఞానం, రెండవది సంఘటన.

ఈ మార్పు పాశ్చాత్యుల అజ్ఞానం వల్లనే జరిగిందనడం న్యాయం కాదు. వివేకానందుడు వేదప్రామాణ్యాన్ని పునర్వ్యాఖ్యానించిన తీరుపై అనంతానంద్ రాంబచన్ 1994లో రాసిన గ్రంథం చూపినట్లు, శంకరునికి బ్రహ్మజ్ఞానానికి ప్రమాణం శ్రుతి. అనుభవాన్ని ఆ స్థానంలో నిలిపినది ఆధునిక వేదాంతం. వలసపాలన కాలంలో విజ్ఞానశాస్త్రం ముందు మతాన్ని నిలబెట్టవలసిన అవసరం నుండి ఆ వ్యాఖ్యానం పుట్టింది. జేమ్స్ చదివినది దానిని. హక్స్‌లీ ఎదిగినది దాని నీడలో. కనుక ప్రశ్నావళిలోకి చేరిన వేదాంతం ఆ చరిత్రను వెంటబెట్టుకొనే చేరింది.

ఔషధం సంగతి మన శాస్త్రాలకు తెలియనిదేమీ కాదు. పతంజలి కైవల్యపాదం మొదటి సూత్రంలోనే సిద్ధులకు కారణాలుగా జన్మ, ఔషధి, మంత్రం, తపస్సు, సమాధులను పేర్కొన్నారు. హిప్పీ కాలంనుండి ఈ సూత్రాన్ని సైకెడెలిక్ పక్షపాతులు ఉత్సాహంగా ఉదాహరిస్తూనే ఉన్నారు. అదే పాదంలో ఆరవ సూత్రం వద్దకు మాత్రం అంత ఉత్సాహంగా వెళ్ళరు: వాటిలో ధ్యానజనితమైన చిత్తమే కర్మాశయం లేనిదని అక్కడ నిర్ణయం. ఔషధి నిషేధింపబడలేదు, నిందింపబడలేదు. ఫలంలో దానికి వేరే స్థానం కేటాయింపబడింది. స్టేస్ కారణ తటస్థతా సూత్రానికి ఇది సూటి పూర్వపక్షం. ఒకేలా కనిపించే రెండు చిత్తస్థితుల మధ్య భేదం వాటి వర్ణనలో కాదు, వెనుక మిగిలే సంస్కారాల్లో ఉంటుందని యోగశాస్త్రం అంటుంది. అద్వైతం సాధనచతుష్టయాన్ని ముందు నిలిపినదీ ఇటువంటి కారణంగానే. వివేకవైరాగ్యాలు అక్కడ జ్ఞానానికి అర్హతలు. హాప్కిన్స్ పట్టికల్లో అటువంటివి అనుభవానికి ఫలాలు. క్రమమే తిరగబడింది.

మజటెక్ జాతి చికిత్సకురాలు మరియా సబీనా కథ కూడా ఇక్కడ గుర్తుకురాక మానదు. మెక్సికోలోని హువావుట్లాలో ఆమె జరిపిన రాత్రి క్రతువులో 1955లో పాల్గొన్న గోర్డన్ వాసన్ 1957లో ‘లైఫ్’ పత్రికలో రాసిన వ్యాసంతోనే పుట్టగొడుగులు లోకానికి తెలిశాయి; మరుసటి ఏడాది హాఫ్‌మన్ వాటినుండి సిలోసైబిన్‌ను వేరుచేశారు. ఆమె వాటిని రోగం తెలుసుకోవడానికి, నయం చేయడానికి వాడేది, దైవాన్ని చూడాలన్న కుతూహలంతో కాదు. వాసన్ వ్యాసం తరువాత ఆ ఊరిపైకి విదేశీయులు వెల్లువెత్తారు. ఆమె ఇల్లు తగులబడింది. పరాయివాళ్ళు వచ్చాక పుట్టగొడుగుల శక్తి పోయిందని ఆమె వాపోయింది. తొమ్మిది లక్షణాల పట్టిక తయారుచేసినవారెవరూ ఆమెను సంప్రదించలేదు.

వర్తమాన వివాదం

కొలబద్దపై సందేహం ఇప్పుడు ఆ రంగం లోపలినుండే వినిపిస్తోంది. 2021లో జేమ్స్ శాండర్స్, జోస్యాన్ జిల్మన్స్ మార్మికత అనే చట్రాన్ని శాస్త్రం విడిచిపెట్టాలని వాదించారు. అదే ఏడాది హాప్కిన్స్ పరిశోధకుడు మాథ్యూ జాన్సన్, చికిత్సాగదుల్లో బుద్ధ విగ్రహాలు ఎందుకుండాలని ప్రశ్నించారు. వైద్యుడు తన ఆధ్యాత్మిక నమ్మకాలను, మనస్సు పూర్తిగా తెరుచుకొన్న స్థితిలో ఉన్న రోగిపై రుద్దే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆయన ఆందోళన అతిశయోక్తి కాదు. క్రైస్తవ మందిరంలో ఆరంభమైన ప్రయోగం ఆసుపత్రి గదికి మారినప్పుడు శిలువ పోయి బుద్ధుడు వచ్చాడు. గది ఎన్నడూ ఖాళీగా లేదు. విగ్రహాన్ని తీసివేయడం సులభం. ప్రశ్నావళిలో ‘ఏకత్వం’, ‘పవిత్రత’ అనే మాటలు ఉన్నంతకాలం కనిపించని విగ్రహం మిగిలే ఉంటుంది.

అట్లాగని మార్మికతను తొలగించి మెదడు చిత్రాలను మాత్రమే ఉంచితే తటస్థత సిద్ధిస్తుందనుకోవడమూ సందేహాస్పదమే. రోగి తనకు కలిగినదాన్ని చెప్పుకోవడానికి ఏదో ఒక భాష కావాలి. ఆ భాష ఏ దర్శనానిదో ముందుగా చెప్పడం, అది అనేకంలో ఒకటి మాత్రమేనని తెలియజేయడం సాధ్యం; భాషే లేకుండా చేయడం సాధ్యం కాదు.

ప్రభుత్వాల నిర్ణయాలు ఈ చర్చ తేలేవరకు ఆగలేదు. 2023 జూలై నుండి ఆస్ట్రేలియాలో అనుమతి పొందిన మనోవైద్యులు, ఇతర మందులకు లొంగని కుంగుబాటుకు సిలోసైబిన్‌ను, అభిఘాతానంతర వ్యాధికి ఎం.డి.ఎం.ఎ.ను సూచించవచ్చు. 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎం.డి.ఎం.ఎ. చికిత్సకు అనుమతి నిరాకరించింది. ఆ దరఖాస్తుపై చర్చలో ప్రధానంగా వినిపించిన అభ్యంతరాల్లో ఒకటి, ఎవరికి అసలు మందు అందిందో, ఎవరికి ప్లేసిబో అందిందో పాల్గొన్నవారికి, చికిత్సకులకు తేలికగా తెలిసిపోతుందన్నది. 1962లో మార్ష్ చాపెల్ నేలమాళిగలో కొందరు పీఠాలపై కూర్చొని ఉండగా కొందరు నేలపై పడుకొన్నప్పుడు తలెత్తిన చిక్కే అది.